కాదన్నదెవరు?

"మౌంట్ ఎర్రర్ 13: పర్మిషన్ డినైడ్." లినక్స్ మీద పనిచేసేవాళ్లలో ఈ లైను ఎదురుపడనివాళ్లు దాదాపు ఉండరు. ఆఫీసులో ఇంకో కంప్యూటర్లో ఒక ఫోల్డర్ షేర్ చేసి ఉంది. దాన్ని మన కంప్యూటర్లో సొంత ఫోల్డర్‌లా తెరుచుకుని, అంటే మౌంట్ చేసి, పని చేసుకోవాలి. యూజర్‌నేమ్ ఇచ్చాం, పాస్‌వర్డ్ ఇచ్చాం, ఎంటర్ కొట్టాం. సర్వర్ నడుస్తూనే ఉంది, కేబుల్ బాగానే ఉంది, పింగ్ వెళ్తోంది. అయినా పదమూడు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటే. సర్వర్‌లో ఆ ఫోల్డర్‌కి 777 ఇచ్చేసి, అందరికీ అన్నీ తెరిచేసి, మళ్లీ ప్రయత్నిస్తారు. ఒక్కోసారి పనవుతుంది. ఎక్కువసార్లు అవదు, ఎందుకంటే కాదన్నది ఆ ఫోల్డర్ అయి ఉండదు. మన కీబోర్డుకీ ఆ ఫైలుకీ మధ్య ఆరేడు చోట్ల తనిఖీ జరుగుతుంది. అందులో ఎవరు కాదన్నా తెర మీద కనిపించేది ఈ ఒక్క లైనే. కాబట్టి దీన్ని బాగుచెయ్యడం తెలిసినవాళ్లు ముందుగా అడిగేది కాదన్నదెవరని. ఆ ప్రశ్నకి జవాబు దొరికేలా ఈ వ్యవస్థని కట్టినవాళ్ల పనితనం నన్ను ఏళ్లుగా ఆకట్టుకుంటోంది. ఆ పనితనాన్ని కాస్త దగ్గరగా చూపించాలని నా ఆశ.

చిక్కు ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి. యూనిక్స్ కుటుంబంలోని యంత్రానికి యూజర్ అంటే ఒక అంకె. ఉబుంటులో మొట్టమొదట సృష్టించిన యూజర్‌కి 1000, ఆ తర్వాతి వాళ్లకి 1001, 1002. పేరు మన సౌకర్యం కోసం. ఫైలు మీద రాసి ఉండేది అంకె. ఆ ఫైలుకి ఒక ఓనరు, ఒక గ్రూపు, ఆ తర్వాత మిగిలినవాళ్లు. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. మొత్తం తొమ్మిది బిట్లలో వ్యవహారమంతా ఇమిడిపోతుంది. విండోస్ దారి వేరు. అక్కడ యూజర్‌కి ఎస్ఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫైలుకి ఒక జాబితా ఉంటుంది: ఫలానా యూజర్ ఇది చెయ్యొచ్చు, ఫలానా గ్రూపు అది చెయ్యకూడదు. ఆ జాబితా చాలా పొడుగు సాగొచ్చు, పై ఫోల్డర్ నుంచి కిందికి వారసత్వంగానూ రావచ్చు. తొమ్మిది బిట్లకీ ఆ జాబితాకీ ఎక్కడా పొంతన లేదు. అటు అంకెకీ ఇటు ఎస్ఐడీకీ కూడా లేదు.

ఈ రెండింటినీ కలిపే పని 1991 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో మొదలైంది. ఆండ్రూ ట్రిజెల్ అప్పుడు ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థి. తన పీసీలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ల పాత్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఆ కంపెనీ సర్వర్లతోనే మాట్లాడుతుంది. అతనికి వేరే యూనిక్స్ యంత్రంలోని ఫైళ్లు కావాలి. తీగ మీద పోయే ప్యాకెట్లని పట్టి చూసే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాడు. పీసీ ఏం అడుగుతోందో, సర్వర్ ఏం జవాబిస్తోందో చూశాడు. ఆ జవాబులు తనే ఇవ్వగల చిన్న సర్వర్ రాసి 1992 జనవరిలో అందరికీ విడుదల చేశాడు. అందులోని ప్రోటోకాల్ 1980లలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపకల్పన చేసిన ఎస్ఎంబీ అనీ, మైక్రోసాఫ్ట్ పెంచి పోషిస్తున్నదీ అదేననీ మొదట్లో అతనికి తెలియదు. ఆ చిన్న సర్వరే పెరిగి సాంబా అయింది.

పుస్తకం లేకుండా ప్రోటోకాల్‌ని ఎలా నేర్చుకున్నారో ట్రిజెల్ తర్వాత ఒక వ్యాసంలో రాశాడు. ఫ్రెంచి భాష నేర్పేవాళ్లూ లేరు, పుస్తకాలూ లేవనుకోండి. ఫ్రాన్సు వెళ్లి ఒక కెఫేలో కూర్చుని, వచ్చినవాళ్లు వెయిటర్‌తో ఏమంటున్నారో, ఆ తర్వాత బల్ల మీదికి ఏం వస్తోందో చూసి రాసుకుంటూ పోతే కొన్నాళ్లకి రొట్టెని ఏమంటారో కాఫీని ఏమంటారో తెలుస్తుంది. మొదటి పద్ధతి అదే. కానీ వినడంతో తెలిసేది ఎవరో ఒకరు అడిగినదాని గురించే. ఎవరూ అడగనివి కూడా తెలియాలంటే తనే అడగాలి. అందుకని సాధ్యమైన కమాండ్ సంఖ్యలన్నిటినీ వరసగా సర్వర్ మీదికి పంపే ప్రోగ్రాం రాశారు. ప్రతి దానికీ ఎర్రరే వస్తుంది. అయితే అన్నీ ఒకే ఎర్రర్ కావు. అలాంటి కమాండే లేదనేది ఒకటి, కమాండ్ ఉంది కానీ నువ్వు పంపిన డేటా సరిపోలేదనేది ఇంకొకటి. రెండో రకం జవాబు వచ్చిన చోట కొత్త కమాండ్ దొరికినట్టు. ఆ తర్వాత డేటా పొడవు మారుస్తూ పోతారు. ఎర్రర్ మారిన క్షణంలో అసలు పొడవు తెలిసిపోతుంది.

సాంబా పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. కాదన్న జవాబుల మధ్య తేడాలు చదివి ఒక ప్రోటోకాల్‌ని బయటికి లాగారు. ఎర్రర్‌ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు సాఫ్ట్‌వేర్ చరిత్రలో తక్కువమంది. 2007లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు తర్వాత, 10,000 యూరోల ఫీజు మీద మైక్రోసాఫ్ట్ పత్రాలు సాంబా బృందానికి అందాయి. అప్పటికి పదిహేనేళ్ల పని అలా వినడం మీదే నడిచింది.

ఇక మన పదమూడు దగ్గరికి వద్దాం. మౌంట్ కమాండ్ ఇచ్చాక క్లయింటుకీ సర్వర్‌కీ మధ్య సంభాషణ మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట ఏ వెర్షన్‌లో మాట్లాడుకోవాలో తేల్చుకుంటారు. తర్వాత నువ్వెవరంటూ పరిచయం, అంటే సెషన్ సెటప్. తర్వాత ఫలానా షేర్ తెరవమని అడగడం, దాన్ని ట్రీ కనెక్ట్ అంటారు. ఇవి మూడూ దాటాకే ఒక్కొక్క ఫైలు తెరవడం. మొదటి మెట్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2017లో లినక్స్ కెర్నెల్ 4.13 నుంచి పాత ఎస్ఎంబీ 1ని తనంతట తానుగా వాడడం మానేసింది. కాబట్టి పాత నెట్‌వర్క్ స్టోరేజి పెట్టెలతో మాటే కుదరక హోస్ట్ డౌన్ అని ఎర్రర్ 112 వస్తుంది. సర్వర్ పడిపోలేదు, వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదంతే.

అసలు పదమూడు పుట్టేది రెండో మెట్టు నుంచి. విండోస్ సర్వర్‌కి కాదని చెప్పడానికి వందల రకాల కోడ్‌లున్నాయి. లినక్స్ ప్రోగ్రాములకి అర్థమయ్యేది యూనిక్స్ తొలిరోజుల నుంచీ వస్తున్న చిన్న అంకెల పట్టిక మాత్రమే. కాబట్టి ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చాలి. 2002లో స్టీవ్ ఫ్రెంచ్ రాసిన సిఫ్స్ క్లయింట్, అంటే ఎస్ఎంబీ షేర్లని మౌంట్ చేసే భాగం, లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అందులో ఎర్రర్లు మార్చడానికే ఒక సోర్స్ ఫైలుంది. తెరిచి చూస్తే వెయ్యికి పైగా వరసల పట్టిక. ప్రతి వరసలోనూ మూడు గదులు. మొదటిది సర్వర్ పంపిన కోడ్, రెండోది దానికి సరిపోయే లినక్స్ అంకె, మూడోది ఆ కోడ్ అసలు పేరు, అక్షరాల్లో.

ఈ మూడో గది దగ్గర కాసేపు ఆగాలి. లెక్క ప్రకారం రెండు గదులు చాలు. కోడ్ ఇస్తే అంకె వస్తుంది, పని పూర్తి. కానీ ఆ పట్టికలో లాగాన్ ఫెయిల్యూర్‌కి రెండో గదిలో పదమూడే ఉంది. యాక్సెస్ డినైడ్‌కీ పదమూడే. అకౌంట్ రిస్ట్రిక్షన్‌కీ, పనివేళలు దాటాక లాగిన్ అయితే వచ్చే ఇన్‌వాలిడ్ లాగాన్ అవర్స్‌కీ అదే. ఇన్ని వేర్వేరు కారణాలు ఒక్క అంకెలో కలిసిపోతాయని రాసినవాళ్లకి తెలుసు. అంకె ఇరుకు, దాన్ని పెంచడం వాళ్ల చేతుల్లో లేదు. అందుకని అసలు పేరుని పక్కనే ఉంచి, కెర్నెల్ లాగ్‌లోకి వెళ్లేలా చేశారు. డీమెసేజ్ కమాండ్ కొడితే చివరి లైన్లలో "స్టేటస్ లాగాన్ ఫెయిల్యూర్" అని కనిపిస్తుంది, దాని కిందే సెషన్ సెటప్‌లో మైనస్ 13 అని. ఏ మెట్టు మీద కాదన్నారో, ఏ మాటతో కాదన్నారో రెండూ అక్కడున్నాయి. ఇప్పుడు వస్తున్న మౌంట్ ప్రోగ్రాం పదమూడుతో పాటు డీమెసేజ్ కూడా చూడమని తనే చెబుతుంది. చాలామంది ఆ సగం చదవకుండానే ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెడతారు.

పట్టికలో ఇంకో శ్రద్ధ కూడా ఉంది. గడువు తీరిన పాస్‌వర్డ్‌కి పదమూడు ఇవ్వలేదు. తాళంచెవుల గడువు గురించి లినక్స్‌లో ముందే ఉన్న 127ని దానికి కేటాయించారు. నిలిపేసిన అకౌంటుకి 128. షేర్ పేరే తప్పయితే అసలు ఇది అనుమతి సంగతే కాదు కాబట్టి 2, అంటే అలాంటి ఫైలు లేదని. ఇరుకైన పట్టికలోనే ఎక్కడ వీలైతే అక్కడ తేడా చూపించారు. మనకి రాత్రి పదకొండింటికి అరగంట కలిసొచ్చేది ఇలాంటి చోట్లే.

లాగాన్ ఫెయిల్యూర్ అని తేలిందంటే పరిచయం దగ్గరే ఆగిందన్నమాట. ఫోల్డర్ పర్మిషన్ల జోలికి పోవలసిన పనే లేదు, సర్వర్ ఇంకా అక్కడిదాకా రానేలేదు. మన చిన్న ఆఫీసుల్లో, చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర, డీటీపీ సెంటర్లలో ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి, విండోస్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్‌నే పాస్‌వర్డ్ అనుకోవడం. పిన్ ఆ ఒక్క యంత్రానికి కట్టుబడి ఉంటుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యే పీసీ అయితే ఆ ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. రెండు, అసలు పాస్‌వర్డే పెట్టుకోకపోవడం. పాస్‌వర్డ్ లేని అకౌంటుని ఆ యంత్రం ముందు కూర్చున్నవాళ్లు తప్ప దూరం నుంచి ఎవరూ వాడకూడదని విండోస్‌లో మొదటి నుంచీ ఆన్ అయి ఉండే ఒక నియమముంది. ఆ కాదన్న మాట లాగ్‌లో అకౌంట్ రిస్ట్రిక్షన్ పేరుతో వస్తుంది. ఆ పేరు చదివితే కారణం అర నిమిషంలో తేలిపోతుంది. చదవకపోతే పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి ఎన్నిసార్లు ప్రయత్నించినా పదమూడే.

పాస్‌వర్డ్‌లో కామా ఉన్నప్పుడు వచ్చే తిప్పలు వేరు. మౌంట్ కమాండ్‌లో ఆప్షన్లని కామాలతో విడదీస్తారు. పాస్‌వర్డ్‌లోనూ కామా ఉంటే అక్కడితో అది తెగిపోతుంది, సర్వర్‌కి చేరేది సగమే. మాన్యువల్ పేజీలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది, దారి కూడా చూపించారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, డొమైన్ ఒక్కొక్క లైనులో రాసిన చిన్న ఫైలు చేసి, దాని పర్మిషన్ 600కి మార్చి, కమాండ్‌లో ఆ ఫైలు పేరు ఇస్తే చాలు. కామా బెడద పోతుంది. పైగా నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో పాస్‌వర్డ్ ఇంకొకళ్ల కంట పడదు, ఏవేవి మౌంట్ చెయ్యాలో రాసి ఉంచే, అందరూ చదవగల ఎఫ్‌స్టాబ్ ఫైల్లోనూ ఉండదు.

ఇప్పుడు ఇంకో సందర్భం. దీనిలోనే అందరూ ఎక్కువగా తికమకపడతారు. మౌంట్ బాగానే అయింది. ఫైళ్లు కనిపిస్తున్నాయి, తెరుచుకుంటున్నాయి. కొత్త ఫైలు సేవ్ చెయ్యబోతే పర్మిషన్ డినైడ్. సర్వర్‌లో చూస్తే ఈ యూజర్‌కి రాసే హక్కు పక్కాగా ఉంది. అయితే కాదన్నదెవరు?

సిఫ్స్ క్లయింటులో అనుమతి చూసే ఫంక్షన్ చాలా చిన్నది. నోపెర్మ్ అనే ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేశారా అని అడుగుతుంది. ఇచ్చి ఉంటే తను తీర్పు చెప్పదు, అంతా సర్వర్‌కి వదిలేస్తుంది. నడిపే ఫైలా కాదా అన్న ఒక్కటి మాత్రం చూస్తుంది. ఇవ్వకపోతే మామూలు లినక్స్ ఫైలుకి జరిగే తనిఖీయే ఇక్కడా జరుగుతుంది. మరి సర్వర్ నుంచి తొమ్మిది బిట్లు రావు కదా, దేన్ని చూసి తనిఖీ చెయ్యాలి? మౌంట్ చేసినప్పుడు మనం చెప్పినదాన్ని చూసి. మనం ఏమీ చెప్పకపోతే అన్ని ఫైళ్లకీ ఓనరు రూట్, పర్మిషన్లు 755. అంటే చదవడం అందరికీ, రాయడం రూట్‌కి మాత్రమే. మన యూజర్ 1000. రాయబోతే మన కంప్యూటర్లోని కెర్నెలే ఆపేసింది. సర్వర్‌కి ఆ సంగతి తెలియనే తెలియదు, ప్యాకెట్టే వెళ్లలేదు. ఈ తనిఖీ ఎందుకు పెట్టారో ఫంక్షన్ మధ్యలోని వ్యాఖ్యలో రాశారు: సర్వర్‌కి పర్మిషన్ బిట్ల సంగతి తెలియని చోట, క్లయింటు వైపున ఇంకాస్త కట్టడి చేసుకునే వీలు ఉండాలని. ఒకే పాస్‌వర్డ్‌తో మౌంట్ అయిన షేర్‌లోకి ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరూ రాసెయ్యకుండా కాపాడేది ఈ నాలుగు లైన్లే.

దీన్ని పట్టుకునే పరీక్ష ఎంతో అందంగా ఉంటుంది. సుడోతో, అంటే రూట్‌గా, ఒక ఖాళీ ఫైలు సృష్టించి చూడాలి. మామూలు సిఫ్స్ మౌంట్‌లో ఈ యంత్రం నుంచి ఎవరు ఏం చేసినా సర్వర్‌కి కనిపించేది మౌంట్‌లో ఇచ్చిన ఆ ఒక్క యూజరే. రూట్ రాసినా, మీరు రాసినా సర్వర్ దృష్టిలో ఒకరే. కాబట్టి రూట్ రాయగలిగి మీరు రాయలేకపోతే ఆపింది మీ యంత్రం. రూట్ కూడా రాయలేకపోతే ఆపింది సర్వర్. ఒక్క కమాండ్‌తో ఉన్న అనుమానాల్లో సగం కొట్టేయొచ్చు. ఆపింది మీ యంత్రమే అయితే మందు కూడా అక్కడే ఉంది: మౌంట్ చేసేటప్పుడు యూఐడీ, జీఐడీ ఆప్షన్లలో ఓనరుగా ఎవరు కనపడాలో చెప్పడం. ఇలాంటప్పుడు సర్వర్‌లో 777 ఎంత కొట్టినా పైసా ప్రయోజనం ఉండదు.

ఒకే లినక్స్ యంత్రాన్ని పదిమంది వాడే చోట, ప్రతివారూ సర్వర్‌కి తమ పేరుతోనే కనిపించాలంటే మల్టీయూజర్ అనే ఆప్షన్ ఉంది. అది ఇచ్చిన వెంటనే క్లయింటు తన తనిఖీని తనే ఆపేసుకుంటుంది. ఎవరు వస్తున్నారో ఇప్పుడు సర్వర్‌కే తెలుస్తుంది కాబట్టి తీర్పు దానిదే. ఎవరి దగ్గర సరైన సమాచారం ఉందో వాళ్లకే నిర్ణయం వదలడమనే ఈ పద్ధతిని సాంబా సర్వర్ వైపున ఇంకా స్పష్టంగా చూడొచ్చు.

సర్వర్ కూడా లినక్సే అయి సాంబా నడుస్తోందనుకోండి. విండోస్ నుంచి ఒక యూజర్ వచ్చి ఫైలు తెరవమన్నాడు. తెరవొచ్చా కూడదా అని సాంబా తనే లెక్కలు వెయ్యడానికి ప్రయత్నించి ఉండొచ్చు: ఓనరెవరు, గ్రూపేది, బిట్లేమిటి, అనుమతుల జాబితా (ఏసీఎల్) ఉందా, పై ఫోల్డర్ సంగతేంటి అని. అలా రాస్తే కెర్నెల్ చేసే తనిఖీకి ఒక నకలు తయారై, రెండూ ఎక్కడో ఒకచోట తేడా కొట్టి, ఆ తేడాలోంచి ఎవరో ఒకరు దూరిపోయేవాళ్లు. సాంబా ఆ దారి పట్టలేదు. వచ్చిన ప్రతి క్లయింటుకీ ఎస్ఎంబీడీ అనే దాని సర్వర్ ప్రోగ్రాం ఒక విడి ప్రాసెస్ కేటాయిస్తుంది. ఆ ప్రాసెస్ ఫైలు ముట్టుకునే ముందు తన గుర్తింపునే ఆ యూజర్ అంకెకి మార్చుకుంటుంది. ఇప్పుడు ఫైలు తెరవమని కెర్నెల్‌ని అడుగుతున్నది ఆ యూజరే. తెరవాలా వద్దా అన్నది కెర్నెల్ చూసుకుంటుంది. మధ్యలో రూట్ అధికారం అవసరమైన పని వస్తే ఆ కాస్తసేపే రూట్‌గా మారి, వెంటనే వెనక్కి వస్తుంది. సోర్సులో ఈ రెండు పిలుపులూ జంటగానే కనిపిస్తాయి, ఒకదాని వెనక ఒకటి.

ఈ నిర్ణయం వల్ల బాగుచేసేవాళ్లకి ఒక పెద్ద మేలు జరిగింది. నెట్‌వర్క్‌నంతా పక్కనపెట్టి, సర్వర్ మీదే ఆ యూజర్‌గా మారి అదే ఫైలుని ముట్టుకుని చూడొచ్చు. అక్కడ పనికాకపోతే సాంబా చేసేదేమీ లేదు, సంగతి ఫైల్ సిస్టంలో ఉంది. అప్పుడు నేమ్‌ఐ అనే చిన్న పనిముట్టు అక్కరకొస్తుంది. ఫైలు దారి మొత్తం ఇస్తే మొదటి స్లాష్ నుంచి చివరి పేరు దాకా ప్రతి ఫోల్డర్ ఓనరునీ బిట్లనీ ఒక్కొక్క లైనులో చూపిస్తుంది. లోపలి ఫోల్డర్‌కి 777 ఉండి, మూడు మెట్లపైన హోమ్ ఫోల్డర్‌కి 750 ఉంటే బయటివాళ్లు అసలు గడపే దాటలేరు. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించే హోమ్ ఫోల్డర్లకి 750 ఇవ్వడం మొదలుపెట్టింది. అది మంచి పనే. కాకపోతే హోమ్ ఫోల్డర్ లోపల షేర్ పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఇప్పుడు నేమ్‌ఐ చూపించే ఆ ఒక్క లైను దగ్గరే ఆగిపోతున్నారు.

సర్వర్ మీద అన్నీ సరిగ్గా ఉండి సాంబా ద్వారా మాత్రమే కాకపోతే చూడాల్సినవి రెండు మూడే. సాంబాలో షేర్ పెట్టగానే అది చదవడానికే. రాయనివ్వాలంటే విడిగా చెప్పాలి, టెస్ట్‌పార్మ్ కొడితే ఏది అమల్లో ఉందో తెలుస్తుంది. లినక్స్‌లో యూజర్ ఉన్నంత మాత్రాన సాంబాలో ఉన్నట్టు కాదు, ఎస్ఎంబీపాస్‌వర్డ్ కమాండ్‌తో చేర్చాలి. ఇదేదో అనవసరమైన రెండో పని అనిపిస్తుంది కానీ కారణముంది. విండోస్ పద్ధతిలో పాస్‌వర్డ్ తీగ మీదికి రాదు, దాని నుంచి లెక్కగట్టిన ఒక జవాబు మాత్రమే వస్తుంది. దాన్ని సరిచూడ్డానికి సర్వర్ దగ్గర ఎన్‌టీ హ్యాష్ ఉండాలి. లినక్స్ దాచుకునేది వేరే రకం హ్యాష్, ఒకదాని నుంచి ఇంకోదాన్ని రాబట్టలేం.

రెడ్‌హ్యాట్, ఫెడోరాల్లో ఎస్ఈలినక్స్ ఉంటుంది. బిట్లతో సంబంధం లేకుండా ప్రతి ఫైలుకీ ఒక లేబుల్, ఏ ప్రోగ్రాం ఏ లేబుల్‌ని ముట్టుకోవచ్చో ఒక నిబంధన. సాంబాకి షేర్ చెయ్యడానికి తగిన లేబుల్ లేకపోతే రూట్ ఓనరైనా 777 ఉన్నా కాదంటుంది, ఆ కాదన్నదీ పదమూడుగానే బయటికి వస్తుంది. ఇక్కడో సూక్ష్మం: ఫైలుని ఎంవీతో జరిపితే పాత చోటి లేబుల్‌తోనే వస్తుంది. సీపీతో కాపీ చేస్తే మామూలుగా కొత్త చోటి లేబుల్ తీసుకుంటుంది. ఒకే ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే ఎల్ఎస్‌కి పెద్ద జడ్ తగిలించి చూడాలి. ఎస్ఈలినక్స్‌ని మొత్తానికే ఆపేసి పని ముగించేవాళ్లున్నారు. అది నాకు నచ్చదు. ఆడిట్ లాగ్‌లో ఏ ప్రోగ్రాం, ఏ ఫైలు, ఏ లేబుల్, ఏ పని అన్నది ఒకే లైనులో రాసి పెట్టే తనిఖీ ఇదొక్కటే. అంత నిక్కచ్చిగా కారణం చెప్పేదాన్ని ఆపేస్తే మిగిలేది ఊహలే.

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకునే పిల్లలకి సాంబాతో పాటు ఎన్ఎఫ్ఎస్ కూడా చెబుతారు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో 1984లో పుట్టిన పద్ధతి అది. రెండువైపులా యూనిక్సే కాబట్టి అనువాదం అక్కర్లేదు, అంకె అలాగే వెళ్తుంది. క్లయింటు నేను 1000 అంటే సర్వర్ నమ్ముతుంది. రెండు యంత్రాల్లో 1000 వేర్వేరు మనుషులైతే ఒకరి ఫైళ్లు ఇంకొకరివైపోతాయి. అంత నమ్మకంలోనూ ఒక్క జాగ్రత్త పెట్టారు, రూట్‌స్క్వాష్. క్లయింటు నేను రూట్‌నంటే మాత్రం సర్వర్ నమ్మకుండా 65534 అనే ఎవరికీ చెందని అంకెగా చూస్తుంది. అందుకే ఇందాకటి సుడో పరీక్ష ఇక్కడ తలకిందులవుతుంది. ఎన్ఎఫ్ఎస్ మీద మామూలు యూజర్ రాయగలిగిన చోట రూట్ రాయలేకపోవచ్చు, అది తప్పు కాదు, కావాలని చేసిన ఏర్పాటే. సిఫ్స్ అలవాటుతో ఎన్ఎఫ్ఎస్ దగ్గరికి వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

ఎన్ఎఫ్ఎస్‌లో ఇంకో గట్టు గ్రూపులది. క్లయింటు తన గుర్తింపుతో పాటు గ్రూపుల అంకెలు పంపుతుంది, కానీ ఆ ప్యాకెట్‌లో వాటికున్న చోటు 16కే. పెద్ద సంస్థలో ఒక ఉద్యోగి ఇరవై గ్రూపుల్లో ఉంటే మిగతా నాలుగూ సర్వర్ దాకా రావు. ఆ నాలుగింటిలో ఒకదాని వల్ల రావలసిన అనుమతి రాదు. ఐడీ కమాండ్ కొడితే గ్రూపు కనిపిస్తూనే ఉంటుంది, అందుకే ఇది పట్టుబడడం కష్టం. ప్రోటోకాల్‌ని ముట్టుకోకుండానే దీనికో మార్గం వేశారు. సర్వర్ వైపు మౌంట్‌డీకి మేనేజ్‌జీఐడీస్ అని చెబితే, క్లయింటు పంపిన జాబితాని పక్కనపెట్టి, ఆ యూజర్ గ్రూపుల్ని తన దగ్గరున్న వివరాల నుంచి తనే చూసుకుంటుంది. గట్టు అక్కడే ఉంది, నీళ్లు వేరే కాలవలోంచి వెళ్లాయి.

ఏ ఫోల్డర్ ఎవరికివ్వాలో ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కి చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైలు రాసేటప్పుడు మాత్రం ఒక్క ఖాళీ చోటుకి కూడా అర్థముంది. హోస్ట్ పేరుకి ఆనుకుని బ్రాకెట్‌లో ఆర్‌డబ్ల్యూ అని రాస్తే ఆ హోస్ట్‌కి రాసే హక్కు. మధ్యలో స్పేస్ పడితే ఆ హోస్ట్‌కి చదవడమే మిగిలి, రాసే హక్కు మిగతా లోకానికంతటికీ వెళ్లిపోతుంది. కాదన్న ఫిర్యాదు ఆఫీసులోని ఒక్క యంత్రం నుంచి వస్తుంది, తెరిచి ఉన్నది మాత్రం అందరికీ. ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్‌కి వీ తగిలించి కొడితే ఫైల్లో ఏం రాశామన్నది కాకుండా సర్వర్ ఏం అర్థం చేసుకుందో చూపిస్తుంది. టెస్ట్‌పార్మ్ చేసేదీ అదే పని. మనం రాసినదాన్ని తిరిగి తన మాటల్లో అప్పజెప్పే పనిముట్టు ఒకటి ఉండాలని రెండు బృందాలూ అనుకోవడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

ఇలా వెతికి, కాదన్నది ఎవరో తేల్చి, ఆ ఒక్క చోటనే సరిచేశాక మంచి అడ్మిన్‌లు ఇంకో రెండు పనులు చేస్తారు. వెతుకులాటలో ఎక్కడైనా 777 ఇచ్చి ఉంటే వెనక్కి తీసి, షేర్ ఇంకా పనిచేస్తోందో లేదో చూస్తారు. తర్వాత ఆ ఫోల్డర్‌తో సంబంధం లేని ఒక యూజర్‌గా లాగిన్ అయి అక్కడ ఫైలు సృష్టించబోతారు. అప్పుడు పర్మిషన్ డినైడ్ రావాలి. రాకపోతే పని ఇంకా మిగిలే ఉంది.